చెవి పెట్టుకుని

కంబాలకొండ గేటు దగ్గర
కౌంటర్లో కుర్రాడు ఏదో అడిగాడు.
వయసేమో అనుకుని
అరవై తొమ్మిది అన్నాను.
"ఎంతమంది అని అడిగాను తాతా!"
వెనక లైన్లో ఎవరో నవ్వారు.
భుజాల కదలికను బట్టి నవ్వే అయ్యుండాలి.
ఒక్కణ్ణే, అన్నాను.

ముప్పై రెండేళ్లు పోర్టులో క్రేను మీద కూర్చున్నవాణ్ణి.
ఇనప మన్ను ఓడ కడుపులోకి దూకే చప్పుడు
ఎడమ చెవిని ముందే తినేసింది,
కుడి చెవిని రిటైర్మెంటు దాకా దాచుకుని
తీరిగ్గా తింది.
బనీను ఎరుపు, ఉమ్మి ఎరుపు,
తలగడ గలీబు మీద నా తల అచ్చు ఎరుపు.
నైట్ షిఫ్టు దిగే వేళ
కేబిన్ అద్దంలోంచి ఈ కొండలే కనబడేవి,
అటు తిరిగి పడుకున్న మనిషిలా.
ఎందుకులే లేపడం అని ఊరుకున్నాను.
హనుమంతవాక మీంచి ఎన్నిసార్లు పోలేదు!
పెళ్లిళ్లకి, చావులకి,
మధురవాడలో స్థలం చూడ్డానికి.
స్థలం కొనలేదు.

ఇదిగో, ఇప్పుడొచ్చాను
జేబులో కొత్త చెవితో.
పోయిన నెల రామ్‌నగర్ డాక్టరమ్మ ఇచ్చింది.
ఇంట్లో పెట్టుకుంటే
కుక్కరూ టీవీ వీధిలో చేపలమ్మీ
ముగ్గురూ ఒకేసారి మీదపడి రక్కుతున్నారని
డబ్బీలో పెట్టి మూత బిగించాను.

దారి చూపించడానికి వచ్చిన పిల్ల
శంభువానిపాలెం చిలకమ్మ.
మెల్లగా రండి అన్నట్టు చేత్తో చూపించి
ముందు నడిచింది.
మొదటి రెండు ఫర్లాంగులూ అడవి మూగ సినిమా.
కొమ్మ ఊగుతుంది, ఎందుకో తెలీదు.
ఆ పిల్ల ఆగి, వేలు పైకెత్తుతుంది.
నేను వేలునే చూస్తాను.
"ఇనబడిందా?" పెదాల మీద చదువుకున్నాను.
ఆఁ, అన్నాను.
బాగా అరిగి నున్నబడిన అబద్ధం అది,
ఇంట్లో రోజూ వాడేదే.
దాన్ని చెప్పుకోడానికి
టికెట్టు కొని మరీ ఇంతదూరం రావాలా?

రేల చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని
డబ్బీ తీశాను.
కందిబద్దంత బ్యాటరీ వేళ్లకి చిక్కదు.
పది టన్నుల్ని అంగుళం తేడా రాకుండా
దించిన వేళ్లండీ ఇవి!
రెండుసార్లు ఆకుల్లో పడితే
చిలకమ్మే వెతికి బిగించి పెట్టింది.

ముందు సన్నటి ఈల.
తర్వాత నా ఊపిరి.
అబ్బ, ఇంత మోతా! దీంతో ఎలా కాపరం చేసింది
మా ఆవిడ అన్నేళ్లూ?
తర్వాత, చెప్పు కింద ఎండుటాకు.

నిలబడిపోయాను.
కాలు తీసి మళ్లీ వేశాను.
మద్ది ఆకు అప్పడంలా విరుగుతుంది,
జీడిమామిడి ఆకు కాస్త ఆలోచించుకుని విరుగుతుంది.
వెతుక్కుని వెతుక్కుని తొక్కుకుంటూ పోతుంటే
"ఏటండీ బాబూ, అలా తొక్కేత్తన్నారు?
జంతువులు ఎలిపోతాయి" అంది.
పోనీవే. ఒక్క పూట
నా చప్పుడుకి ఎవరైనా జడవడం కూడా బావుంది.

అప్పుడు పైన ఎక్కడో
టంకు, టంకు, టంకు...
రేకు మీద చిన్న సుత్తి దెబ్బ.
"ఎవరే ఇక్కడ పని చేస్తున్నది?"
"కంసాలి పిట్టండి. మనకి అగుపించదు."
"షిఫ్టు ఎప్పుడు దిగుతుంది?"
ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
ఈసారి నవ్వు నాకు చప్పుడుతో సహా అందింది.

ఎత్తు మీదికి మూడుసార్లు కూర్చుని ఎక్కాను.
దూరంగా సముద్రం, దాని పక్కన పొగమంచులో
సూదులు గుచ్చినట్టు క్రేనులు.
"మీది ఏదండీ?"
కుడివైపు నుంచి రెండోది, అన్నాను.
నాది ఏడేళ్ల కిందటే తుక్కుకి పోయింది.
ఆ మాట పిల్లతో అనలేదు.
అబద్ధం అంత తొందరగా మానుతుందా!

హైవే మీద మొదటి లారీ హారనుకే
చెవి తీసి డబ్బీలో పడేశాను.
అడుగున చిన్న ఆకు ముక్క ఉంది, దులపలేదు.
బస్సులో కండక్టరు మీదికి వంగి ఏదో అడిగాడు.
ఆఁ అనబోయి ఆగాను.
వినబడలేదు బాబూ,
మళ్లీ చెప్పు.