సిల్వర్టన్, జూన్ మంచు

నిన్న సాయంత్రం నుంచి మళ్ళీ మంచు, జూన్‌లో.
స్ప్రూస్ కొమ్మ చివర, పోయినేడాది గూటి మీదే
సాలెదారాలతో రాతిపాచి అతికించి కట్టుకున్న దొప్పలో
కూర్చునే ఉంది.
రూపాయి బిళ్ళంత బరువైనా తూగదు.

మగది మేలో వచ్చి, తాళాలగుత్తిలా రెక్కలు మోగిస్తూ
ఆకాశంలోంచి దూకి దూకి చూపించింది.
ఇప్పుడెక్కడుందో.

మామూలు రాత్రుల్లో ఈ జాతి ఒళ్ళు చల్లార్చుకుని
గుండెను లెక్కపెట్టగలిగేంత నెమ్మది చేసి
చావుకు పక్కింట్లో పడుకుంటుంది.
కడుపు కింద రెండు గుడ్లు, చిక్కుడు గింజలంత.
ఉన్నన్నాళ్ళూ ఆ నిద్ర కుదరదు.
పగలు తాగిన తేనె తెల్లారేదాకా రావాలి,
రాకపోతే...

డెల్ఫీనా ఆర్చులెటా ఆరింటికే లేచింది.
గడ్డకట్టిన పంచదార నీళ్ళ సీసా
కోటు లోపల చంకలో పెట్టి కరిగిస్తూ
కొమ్మకు పదడుగుల దూరంలో ఆగింది.
పదకొండేళ్ళుగా ఇంతకన్నా దగ్గరికి పోలేదు.

ముక్కు పైకి. కళ్ళు మూసి.
వీపు మీద మంచు, కరగకుండా.

ఎండ కెండాల్ కొండ దాటి కొమ్మ మీద పడేసరికి ఏడూ ఇరవై.
ఒక ఈక వణికింది. తర్వాత ఒళ్ళంతా.
చలికి కాదు, లోపల పొయ్యి రాజుకుంటోంది.

గుడ్ల సంగతి ఇంకా తెలియదు.
నోటుబుక్కులో తారీఖు వేసి
పక్కన ఒక్క మాట రాసుకుంది:
ఉంది.