వాటం

పొద్దున ఐదున్నరకు ఖలీల్ భాయ్ గంట కొట్టిండు.
టోలీచౌకి ఇంకా షటర్లు లేపలేదు.
హోటల్ ముందట ఒక్క కుక్క
రాత్రి వాన గుంటల మొఖం చూసుకుంటున్నది.

నా సైకిల్ మా బిడ్డది. పద్దెనిమిది గేర్లు,
నాకు తెలిసింది ఒక్కటే.
ఆయనది పాత నల్లది, కారియర్ మీద పానాల సంచి.
"ఆదివారం కూడానా?"
"అది లేకుంటే బండి ఒక దిక్కు గుంజుతది మేడం."

నల్లాలు బిగించే మనిషి ఆయన,
మీటర్లు రాసుకునే దాన్ని నేను.
నీళ్ళు లేని కాలువను చూడబోతున్నం.

ఔటర్ రింగు రోడ్డు కిందికెళ్లి అవతల పడ్డంక
మోకాళ్ళు ఏదో చెప్పబట్టినయి.
రోడ్డు మాత్రం పరిచిన చాప లెక్కనే ఉన్నది.
"ఎదురుగాలి" అన్న.
ఆయన చెట్ల దిక్కు చూసిండు,
ఆకు కదలలేదు.

జొన్నచేను వెనుక కనబడ్డది:
పదకొండు కమాన్లు, రెండు కూలినయి.
డంగుసున్నం పెచ్చులు ఊడిన కాడ
మట్టి గొట్టాలు, ఒకదాని నోట్లె ఒకటి మూతి పెట్టి
ఇంకా విడువకుండ ఉన్నయి.
మూడో కమాను కింద మేకలు.
ఐదో దాని స్తంభానికి బొగ్గుతో గీసిన మూడు వికెట్లు.
ఎవరు కట్టిండ్రో రాసిన బోర్డు లేదు;
ఉన్న బోర్డు మీద
ప్లాట్లమ్మేటోళ్ళ ఫోన్ నంబరు.

పైన, నీళ్ళు పారిన దారిల,
బుచ్చవ్వ మిరపకాయలు ఎండబోస్తున్నది.
"ఇది ఏ కాలందవ్వా?"
"మా అత్త ఈడనే ఎండబోసేది.
అంతకు ముందుది నన్నడిగితే?"

నా సీసా ఖాళీ. ఆమె క్యాను వంచి నింపింది.
ఖలీల్ భాయ్ ఆ సీసా తీసుకున్నడు,
తాగలేదు.
మిరపకాయలు జరిపి, మోకాళ్ళ మీద కూసొని,
కాలువల ఒక గుక్కెడు పోసిండు.

నీళ్ళు ఆగినయి. దుమ్ము కప్పుకున్నయి.
ఒక ఎండుటాకును పక్కకు నెట్టినయి.
తర్వాత, ఎవరో పిలిచినట్టు,
పట్నం దిక్కు కదిలినయి.
జానెడు. ఇంకో జానెడు.
ఒక పగులు కాడ మట్టి తాగేసింది.

"వాటం తప్పలేదు" అన్నడు.
మా అపార్ట్‌మెంట్ బాత్రూముల వాటం
మూడుసార్లు తప్పిన మనిషి.
నేను నవ్వలేదు, ఆయన నవ్వలేదు.
బుచ్చవ్వే తిట్టింది:
"ఐదు రూపాయల నీళ్ళు పారబోస్తవా,
నీ చేతులు పడిపోను!"

తిరిగొచ్చేటప్పుడు
పెడల్ మీద కాలు ఊరికే ఉన్నది.
సైకిల్ పోతనే ఉన్నది.
గాలి లేదు, గేరు మార్చలేదు,
చాప లెక్కటి ఆ రోడ్డు మీద
చైను కిటకిటమనుకుంట తనంతట తాను దొర్లుతున్నది.
పక్కన ఖలీల్ భాయ్ రెండు చేతులు వదిలేసి
సంచి బరువుతో జర ఎడమకు ఒరిగి.

ఇద్దరం ఏం మాట్లాడలేదు.
టోలీచౌకి ఫ్లైఓవర్ వచ్చేదాక
మమ్మల్ని ఎవరో పోసినట్టే ఉన్నది.

ఆడికెళ్లి మళ్ళ తొక్కుడే.
ముందట ఒక ట్యాంకరు,
నల్లా సరిగ్గ బిగియక
రోడ్డు పొడుగునా కారుకుంట పోతున్నది.
ఖలీల్ భాయ్ చెయ్యి
సంచి మీదికి పోయింది.