పద్నాలుగో ఫుట్‌నోట్

సెమినార్ గదిలో ఏసీ పనిచేయదు.
రిజ్వానా మేడమ్ కిటికీ తెరిచి
"ఇక్కడ అధికారం ఎవరిది?" అని అడుగుతారు.
ఎంఏ రెండో ఏడు. సోమవారం రెండున్నర.
అంతర్జాతీయ వ్యాపార రాజకీయాలు.

ఈ వారం కేస్ స్టడీ
ఎక్కడో మంచు కురిసే ఊళ్లో రాసింది.
నలభై పేజీలు, మూడు గ్రాఫులు.
"హైదరాబాద్ శివార్లలో ఒక మందుల యూనిట్" అట.
పేరు చెప్పలేదు.
నాకు చెప్పక్కర్లేదు.
బొల్లారం చౌరస్తా దాటి ఎడమకి తిరగ్గానే
కుళ్లిన గుడ్డు వాసనొకటి
ముక్కు పట్టుకుని మా గల్లీదాకా నడిపిస్తుంది.
గ్రాఫులో దానికి గీత లేదు.

ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు విమానం దిగారు,
బరువుల రిజిస్టర్లో ఒక కొట్టివేత చూశారు.
ఆర్నెల్లకి ఒక ఉత్తరం.
షేరు ధర జారింది, మంత్రులు మాట్లాడుకున్నారు,
సుంకాల బేరంలో ఆ బిళ్ల కూడా ఒక పావు అయింది.
అన్నీ ఉన్నాయి. బాగా రాశారు, కాదనను.

పద్నాలుగో ఫుట్‌నోట్, చీమ తలకాయంత అక్షరాలు:
"కొందరు తాత్కాలిక సిబ్బందిని తగ్గించారు."

పక్క కుర్చీలో సెలామ్, అడిస్ అబాబా పిల్ల,
నోట్సు అంచున లెక్క వేస్తోంది,
ఆ ఏడాది వాళ్లమ్మ బీపీ బిళ్లకి
ఎన్ని బిర్‌లు పెరిగాయో.
పెన్ను గట్టిగా నొక్కింది. కాగితం చిరిగింది.

రాత్రి సాయిలు బావకి
ఆ ఫుట్‌నోట్ తెలుగులో చదివి వినిపించాను.
నాలుగేళ్లు డ్రమ్ములు తూచి బరువు రాసిన మనిషి,
ఇప్పుడు తెల్లారితే అడ్డా మీద నిలబడతాడు.
రెండోసారి చదవమన్నాడు.
"గా గీత కొట్టింది నేనే పిల్లా.
కొట్టుమన్నోడు ఇప్పుడు మేనేజరు."
అన్నం కలుపుకుంటూ అడిగాడు:
"ఆయన పేరున్నదా గిండ్ల?"
లేదన్నాను.
"నాది?"
అక్క చారు వడ్డించింది.

టర్మ్ పేపర్ శుక్రవారానికి. మూడు వేల పదాలు.
రాజ్యం, సంస్థ, బేరమాడే శక్తి, అన్నీ కుదిరాయి.
బావ మాటకి ఆధారం ఏమని చూపాలో తెలీక
మేడమ్‌ని అడిగాను.
"ముఖాముఖి సంభాషణ. పేరు, స్థలం, తేదీ" అన్నారు.

తేదీ వేశాను.
స్థలం, బొల్లారం.
పేరు దగ్గర పెన్ను ఆగింది.
మళ్లీ అదే గేటు దగ్గర, అదే కాంట్రాక్టర్ని
బావ పని అడుగుతున్నాడు.

"కొందరిలో ఒకరు" అని రాశాను,
చిన్న అక్షరాల్లో.