నూటికి అరవై నాలుగు

మంగళవారం నాలుగింటికి వోరు ఊరి లైబ్రరీలో
డెబ్బై దాటినవాళ్ళకి పాఠం.
తొమ్మిది మందిమి. కోట్లు ఇంకా విప్పలేదు,
హీటరు ఇవాళే మొదలుపెట్టారు.
కారెల్ అనే కుర్రాడు ఫోను ఎత్తి చూపించి
"భయపడకండి, ఇదేం మాయ కాదు" అన్నాడు.
మాయ అని ఎవరన్నారు?
ముప్పై ఏళ్ళు బస్టాండులో టికెట్లు చింపినదాన్ని.
నా కిటికీ మూసేసి అక్కడ నిలబెట్టిన పెట్టె ముందు
చలికి వేళ్ళు ఊదుకుంటూ మీటలు వెతికినదాన్ని.
ఏది మాయో, ఎవడు జీతం అడగని పనివాడో
నాకొకరు చెప్పక్కర్లేదు.

ఇంట్లోంచి ఏదో ఒకటి తెమ్మన్నాడు, ఫోనుకి చూపించడానికి.
లైనె తను అల్లిన చేతితొడుగులు తెచ్చింది.
నేను అడవి నుంచి నేరుగా వచ్చాను, బుట్టతో సహా.

మొదటిది కోడిపుంజు పుట్టగొడుగు, గుడ్డు సొన రంగు.
"నూటికి తొంభై ఏడు" అంది ఫోను.
ఆ మాట మా పిల్లి కూడా చెబుతుంది.

రెండోది గోధుమ రంగుది, మెడలో సన్నటి ఉంగరం.
ఫోను కాస్త తటపటాయించింది, లేదా నాకలా అనిపించింది.
"తినదగినది. నూటికి అరవై నాలుగు."
మరి ఆ ముప్పై ఆరూ ఎవరు తింటారు బాబూ?
అందరూ నవ్వారు. కారెల్ నవ్వలేదు.
అది తెలిసి చెప్పడం కాదమ్మా, అన్నాడు,
వేలకి వేల బొమ్మలు చూసింది,
ఇది వాటిలో దేనికి దగ్గరో కొలిచింది,
ఆ కొలతనే అంకె చేసి మన చేతిలో పెట్టింది.

వెనక బెంచీ నుంచి రైన్ గొంతు:
"బ్యాంకు నాకు అప్పు లేదన్నది ఇలా కొలిచేనా?"
"కావచ్చు" అన్నాడు కారెల్, ఫోను దించి.
"ఎవరికి దగ్గరగా ఉన్నానట నేను?"
దానికి జవాబు రాలేదు. హీటరు టకటకమంది.

మా అమ్మ కూడా వేలల్లోనే చూసింది.
కానీ విరిచేది, వాసన చూసేది, కాడ గోకేది.
యుద్ధం తర్వాతి ఆకలి ఏడాది
ఆర్వో వాళ్ళింట్లో రాత్రంతా వాంతులైతే
తెల్లారి వెళ్ళి ఆ నేల కడిగొచ్చింది.
"అనుమానం వస్తే అడవికే వదిలెయ్" అనడం
ఆ తర్వాతే మొదలుపెట్టింది.
ఫోనుకి బొమ్మలున్నాయి. కడుపు లేదు.

మూడోది గులాబి రంగు నూగుది, విరిస్తే పాలు కారేది.
తెర ఎర్రబడింది: "విషం. తినరాదు."
తొమ్మిది మందిమీ మొహమొహాలు చూసుకున్నాం.
మాలో ప్రతి ఇంటి నేలమాళిగలోనూ దీని జాడీ ఉంది.
మూడు నీళ్ళు మార్చి ఉడికిస్తాం,
ఉప్పు చల్లి పైన ఏటి రాయి బరువు పెడతాం,
డిసెంబరులో ఆలుగడ్డల పక్కన వడ్డిస్తాం.
ఇది అబద్ధమాడలేదు. పచ్చిగా తింటే విషమే.
దానికి చదువు చెప్పినవాళ్ళెవరో
ఎస్టోనియా గడప తొక్కి ఉండరు.
వాళ్ళు నేర్పిన నిజంలో మా పొయ్యి లేదు.

ఇల్లు చేరి కుండ పొయ్యి మీద పెట్టానో లేదో
ఫోను తనంతట తానే పలకరించింది.
రెండు మొహాలు పక్కపక్కన పెట్టి
"వీళ్ళిద్దరూ ఒకరేనా?"
ఎడమవైపు నేను. కుడివైపు మా చెల్లి మాల్లె.
మార్చిలో, నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే, మట్టిచేశాం.
అదే ముక్కు, అదే పొగరు అనేవాళ్ళు ఊళ్ళో.
మేమిద్దరం ఒప్పుకున్నది ఎన్నడు గనక!
కింద మూడు మీటలు:
అవును. కాదు. తెలియదు.

నన్నొక ప్రశ్న అడిగి
తెలియదు అనే వీలు కూడా ఇచ్చింది.
అరవై నాలుగు అన్నప్పుడు
అది నొక్కుకున్న మీట కూడా అదేనేమో.

మొదటి నీళ్ళు పొంగాయి.
వంచడానికి లేచాను.
మాల్లె అక్కడే ఉంది, నా పక్కన,
తెర ఆరిపోయేదాకా.