వాపసు

రామగిరి సందుల
లతీఫ్ చాచా టెంట్‌హౌజ్ మీది అర్ర నాది.
కింద డేగిసలు, కుర్చీలు, మడతపెట్టిన షామియానాలు.
పైన నేను, ఒక లాప్‌టాప్.
నడిమిట్ల గడగడలాడే ఇనుప మెట్లు.

మూడు రోజుల సంది ఒకటే పని.
ఎక్కడో ఒక మిషిను
నెలన్నర నడిచి నడిచి ఆగిపోతున్నది.
దెబ్బకు కూలుతలేదు, ఉబ్బుతున్నది.
ఎవరూ పట్టుకోనిదాన్ని
ఎవరో ఇంక పట్టుకునే ఉన్నరనుకొని
పారెయ్యకుంట దాస్తున్నది.

కెర్నెల్‌కు ముఖాలు యాదుండవు.
లెక్కొక్కటే యాదుంటది.
పట్టుకుంటే ఒకటి పెరుగుతది,
విడిస్తే ఒకటి తగ్గుతది,
సున్నా అయిననాడు ఆ జాగ ఖాళీ.
ఎవరు నువ్వని అడగదు.
సున్నా కోసం చూస్తది, అంతే.

నేను నడిచి చూసిన దారులన్నీ మంచిగనే ఉన్నయి.
తెరిచినకాడ తెరుచుడు, మూసినకాడ మూసుడు.
సదివి సదివి కండ్లు మండి
చాయ్ కోసం కిందికి దిగిన.

చాచా పలక ముందల కూసున్నడు.
పోయినయి ఒక దిక్కు, వచ్చినయి ఒక దిక్కు
సుద్దముక్క గీతలు.
"పెద్ద డేగిస ఒకటి తక్కువున్నది బేటీ."
"ఏ పెండ్లికి పోయింది?"
"అయిన పెండ్లిళ్లయి అన్నీ వచ్చినయి.
అయినకాడ మనుషులుంటరు
కడుగుతరు, ఎంచుతరు, ఆటోల ఏస్తరు.
ఆగినకాడనే పోతది సామాను."

కనగల్లుల ఒకటి ఆగిందట,
ఎసరు పెట్టినంక.
ఎవరి జీపు వాళ్లెక్కి పోయిన్రు.
కోపంల గిన్నెలెవడు ఎంచుతడు?
ఆ డేగిస ఏ కొట్టంలనో
బర్లకు కుడితి తాపుతుండొచ్చు.
పలక లెక్కల మాత్రం
ఆ పెండ్లి ఇంకా నడుస్తనే ఉన్నది.

చాయ్ సగంల ఇడిసి మెట్లెక్కిన.

ఈసారి మంచి దారి చూడలే.
చెడిన దారి పట్టిన.
లూపు ఒక్కొక్క పిల్ల చెయ్యి పట్టి చూస్తది,
ఇడిసి పక్క పిల్ల చెయ్యి పడతది.
నడుమ ఏదన్న కుదరకుంటే
తప్పు నంబరు ఒకటి చేతిల పెట్టి
అటునుంచి అటే బయటికి ఉరుకుతది.
పట్టుకున్న చెయ్యి
పట్టుకున్నట్టే.

రాసినాయన మంచోడే.
పెండ్లి అయితదనే నమ్మకంతోని రాసిండు.

సంబురంల ఆగమైన.
ఇడుసుడు రెండు చోట్ల పెట్టిన,
ఒక్కటి చాలేకాడ రెండు.
మిషిను నిమిషంల కుప్పకూలింది.
తింటున్నోని ముందలికెళ్లి ఇస్తరాకు గుంజినట్టు.
మర్చిపోయినోడు నెలన్నరకు చంపుతడు,
తొందరపడ్డోడు నిలబడ్డకాన్నే.

ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
మూడోసారి ఒక లైను తీసేసిన.
మిగిలింది ఒకటే లైను,
తప్పు నంబరు చెప్పబోయే ముందు:
ఇడువు.

ప్యాచ్ కింద నాలుగు ముక్కలు రాసిన.
ఏడ కారుతున్నదో, ఎందుకో, ఎట్ల ఆగిందో.
ఎవ్వరినీ ఏమనలే.

వారం రోజులాయె, మిషిను ఉబ్బుతలేదు.

నిన్న పొద్దుగూకినంక
చాచా పంపిన పిలగాడు సైదులు
కనగల్లు నుంచి ఆటోల దిగిండు.
ఒక్క డేగిస కోసం పోయినోడు
రెండు తెచ్చిండు.
చాచా ఒకటి బోర్లించి
అడుగున కొట్టిన పేరు ఏలితోని తడిమిండు.
మనదే. పలక మీద ఒక గీత తుడిచిండు.
రెండోది బోర్లించిండు.
దేవరకొండది.
"ఇంకెవ్వని పలకనో ఆగి ఉన్నది" అన్నడు.

కెర్నెల్ల వస్తువుల అడుగున
పేర్లు కొట్టి ఉండవు.

ఆయన దాన్ని లెక్కల ఎక్కియ్యలే.
తలుపు పక్కకు, కండ్లకు కనవడేకాడ పెట్టిండు.
నేను మెట్లెక్కిన.
అదే తీరు లూపులు
ఇంక పదకొండు చోట్ల ఉన్నయి.