రెండు నూళ్ళ తేడా

వంటింటి కిటికీ పిడి
సోమవారం పొద్దున చేతికొచ్చింది.
విరగలేదు. అరిగి అరిగి
కాకరకాయ తొడిమంత సన్నబడి
ఇంక చాలమ్మా అన్నట్టు
అరచేతిలో పడుకుంది.

గుంతకల్లులో ఆషాఢం గాలి
మనుషుల్ని అడిగి రాదు.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
గోడలో మేకు కూడా పిసరంత ముందుకు జరుగుతుంది.
పిడి లేని రెక్క
పొయ్యి మీది చారులో ఎర్రమట్టి పోస్తానంటూ
పొద్దంతా కొట్టుకుంది.
ఇటుక అడ్డం పెట్టినా. ఇటుక పడి
చెంబు సొట్టపోయింది.

పిడిని చేతిగుడ్డలో చుట్టుకొని
దస్తగిరి అంగడికి పోయినా.
తిప్పి చూసినాడు, కండ్లకాడికి తెచ్చుకున్నాడు,
బెజ్జానికీ బెజ్జానికీ నడుమ టేపు పెట్టినాడు.
"ఈ అచ్చు ఇప్పుడు రాదక్కా.
వచ్చేవన్నీ అల్యూమినియం, రెండు నూళ్ళ తేడా.
మళ్ళా బెజ్జాలు తొలవాల,
మీది ముసలి చెక్క, పగుల్తాది.
ఇంట్లో వాడని కిటికీ ఏదన్నా ఉంటే
దాని పిడి పీకి దీనికెయ్యి."

వాడని కిటికీ.
టేపు చుట్టుకుంటూ ఎంత సులువుగా అన్నాడో.

మా ఇంటికి ఐదు కిటికీలు.
నడవలోది, పిల్లోడు వేలాడి వంకరపోయింది.
పడకింటిది, ఆయన బీడీ పొగకు నల్లబడింది.
పడమటిది మాత్రం
అంగడి కాగితంలోంచి ఇప్పుడే తీసినట్టుంది.
దాని అవతల రెండు మూరల సందు,
సందవతల తిప్పమ్మ ఇల్లు.

పదకొండేండ్ల కింద,
ఐదు దినాలకొకసారి కొళాయి వచ్చే కాలంలో
నా బిందె ముందా ఆమె బిందె ముందా అని మొదలైంది.
ఆమె నా బిందెను కాలితో జరిపింది.
నేనొక మాట అన్నా.
ఆ మాట ఇక్కడ రాయను.
రాత్రికే పడమటి కిటికీ మూసినా.
ఆ ఏడు రంగులేయించినప్పుడు
రెక్కనూ చట్టాన్నీ కలిపి
ఒకే పూత కొట్టమన్నా.

మధ్యాన్నం మూడుకి
పీట, పట్టకార, కొంచెం కిరసనాయిలు.
లోపలినుంచే ఊడదీయొచ్చనుకున్నా.
మర తల లోపలుంది, నట్టు బయటుంది.
ఎవరు బిగించినాడో మహానుభావుడు!
బ్లేడుతో రంగు కోసి
భుజంతో తోసినా.
కందిరీగ మట్టిగూడొకటి రాలింది,
దాని వెనకే వెలుతురు.

ఎదురుగా తిప్పమ్మ.
చేటలో సెనక్కాయలు వలుస్తా ఉంది.
ఆమె కిటికీ ఇన్నేండ్లూ తెరిచే ఉందని
నాకేం తెలుసు.
తల సగం నెరిసింది.
నన్ను చూసి ఆమె కూడా అదే అనుకొని ఉంటాది.

నేను పలకలేదు. ఆమే పలకలేదు.
రెక్క చుట్టూ చెయ్యి దూర్చి
నట్టును తిప్పుతున్నా.
అది తిరగదు, నా ముంజెయ్యి తిరుగుతోంది.
ఒక గూడ్సు పోయింది. పొడుగాటిది.
పెట్టెలన్నీ పోయినాక వింటే
సెనక్కాయల చప్పుడు ఆగిపోయి ఉంది.

"బిగిస్తా ఉన్నావు నువ్వు.
అవతల్నుంచి పడితే అంతా తిరకాసు.
ఇట్లియ్యి పట్టకార,
నువ్వు తల కదలకుండా పట్టుకో."

సందు దాటి ఒక గాజుల చెయ్యి వచ్చింది.
లోపల నేను పట్టుకున్నా,
బయట ఆమె తిప్పింది.
మొదటిది కీచుమని వదిలింది.
రెండోది ఆమె వేళ్ళలోంచి జారి
సందులో పడింది.
ఇద్దరం తొంగి చూసినాం.
పాత చీపురు, బిస్కెట్ కాగితాలు,
ఎవరిదో ఒక పలక.
నట్టు కనపడలేదు.

ఏం మాట్లాడుకున్నారని
రాత్రి ఆయన అడిగినాడు.
ఏముంది, నట్టు సంగతి.

ఇప్పుడు వంటింటి కిటికీకి
పదకొండేండ్ల కొత్త పిడి.
పట్టుకుంటే ఇంకా చల్లగా, పరాయిగా ఉంది.
చారు చారుగానే ఉంది.
పడమటి రెక్కకు రెండు బెజ్జాలు మిగిలినాయి.
వాటిలో పాత చీర అంచు దూర్చి
ఊచకు కట్టినా.
గాలికి ముడి వదులై
జానెడు తెరుచుకుంటాది.
మళ్ళా కడతా, ఊరకే రెండు చుట్లు.

అల్యూమినియంది ఎనభై రూపాయలంట.
తెచ్చినప్పుడు తెస్తాలే.