కుడి భుజం మీద సముద్రం

పెదజాలరిపేట దాటేసరికి ఇంకా చీకటే.
అమ్మ వీపున నీలం సంచి.
నడుం బెల్టు ఎక్కడ కట్టుకోవాలో తెలీక
కుచ్చిళ్ల మీద ఒకసారి, కింద ఒకసారి
బిగించి, వదిలి,
"ఏటే ఇది, బరువు నా ఎనకాతల నిలబడి
ఒగ్గనంతాది" అంది.

నలభై ఏళ్లు బరువు తల మీదే.
చుట్టగుడ్డ, దాని మీద గంప, అంచున కారే ఉప్పునీళ్లు.
మెడ నిలువునా పెట్టి నడిచిన మనిషికి
కాస్త ముందుకు వంగమని నేర్పుతున్నాను నేను,
ముప్పై రెండేళ్లదాన్ని,
ఆస్పత్రి ల్యాబులో రక్తం సీసాలు వరస పెట్టేదాన్ని.

ఇప్పుడు కాలనీల్లోకి చేప
ఐసుపెట్టెలో, ముళ్లు తీయించుకుని, బండెక్కి వస్తోంది.
కార్తీకం వెళ్లాక ఆమె మళ్లీ గంప ఎత్తలేదు.
ఎత్తలేదని ఎవరితోనూ అననూ లేదు.
పొద్దున్నే లేచి వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేది.

సంచిని ఒంటిచేత్తో లేపి
"ఏడుంపావు" అంది.
నా స్ప్రింగు కాటా ఏడున్నర చూపించింది.
"నీ కాటా తప్పు."

కళింగపట్నం దాకా, పది రోజులు.
ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఏరు దాటాలో
అంతా ఫోన్లో గీసుకున్నాను.
ఊళ్ల పేర్లు చదవమంది. మంగమారిపేట, భీమిలి, ముక్కాం, కోనాడ...
ఒక్కో పేరుకీ తల ఊపింది.
పెళ్లిసంబంధాలుగా, పడవ మునకలుగా
అవన్నీ ఆమెకి తెలుసు.
కాళ్లకే తెలీదు.

రుషికొండ దగ్గర తెల్లారింది.
టీ కొట్టతను సంచులు చూసి
"ఏ గుడికమ్మా మొక్కు?" అన్నాడు.
"గుడికి కాదు నాయినా. ఊరికినే."
ఆ మాటకి తనే నవ్వింది.
ఊరికే అన్నమాట
ఆమె నోట నేను విన్నది అదే మొదలు.

మంగమారిపేటలో ఎవరిదో వలల పాక.
వరసకి మేనత్తట.
అమ్మ నిద్రపోయాక బియ్యం మూట తీసి
నా సంచిలో పెట్టుకున్నాను.
మర్నాడు భీమిలి చేరేలోపు
నా భుజాలకేమీ తేడా తెలియలేదు.
సంచి విప్పి చూస్తే మూట లేదు,
నా ఎండు నెత్తళ్ల పొట్లం కూడా లేదు.
నేనేమీ అడగలేదు. ఆమే చెప్పలేదు.
ఆ మూట అలా రాత్రిళ్లు
ఇద్దరి మధ్యా నడుస్తూనే ఉంది, మాకంటే ఎక్కువ దూరం.

గోస్తనీ పొగురు దగ్గర పడవతనితో
ముప్పావుగంట బేరమాడి, దిగాక
అడిగినదానికన్నా పది ఎక్కువ ఇచ్చింది.

ఆ అవతల ఇసక మెత్తన. మాట్లాడ్డానికి ఊపిరి చాలదు.
అక్కడే ఆగి, కుడివైపు తిరిగి, అంది:
"నాను నడిసిందంతా దీనికి ఈపు పెట్టేనే.
మద్దిలపాలెం, ఇసుకతోట, హనుమంతవాక,
ఎటెల్లినా కొండేపుకే.
దీని పక్కన ఒక్క గంట నడవనేదు."
"తిరిగొచ్చేటప్పుడో?"
"తిరిగొచ్చినప్పుడు సంద్రమెవులు సూసేరు?
మిగిలిపోయిన సేపలు సూసుకున్నాను."

నేను అవునని గానీ కాదని గానీ అనలేదు.
ఆ చేపల పులుసే మేం రాత్రిళ్లు తిన్నది.

నాలుగోనాడు పట్టీలు విప్పేసింది.
కొంగు చుట్టలా చుట్టి
సంచిని తలకెత్తుకుంది.
రెండు పట్టీలూ చెవుల్లా ఊగుతుంటే
నిటారుగా, ఒక్క చుక్క తొణక్కుండా
ముందు వెళ్లిపోతున్న ఆమె వెనకాల
పదకొండువేల రూపాయల బూట్లతో
పరిగెడుతున్నాను.
"బేగి రాయే గుంటా!"

తిరుగుప్రయాణం బస్సులో.
ఆమె కుడి చెంప ఎడమదానికన్నా
ఒక చాయ నల్లబడింది. నాదీ అంతే.
ఎడమ కిటికీ కావాలని
ఎవరో కుర్రాణ్ణి లేపి కూర్చుంది.
"హైవే మీంచి సముద్రం కనపడదమ్మా" అన్నాను.
"తెలుసు" అంది.
విశాఖ వచ్చేదాకా అటే చూస్తూ కూర్చుంది.